సైకాలజీలో ఏది వాదం, ఏది శాఖ? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జూన్, జులైలలో కొత్త బ్యాచ్ వస్తుంది. పేర్లు మారతాయి గానీ డౌట్లు మాత్రం అవే. డిగ్రీ పిల్లలు, టెట్‌కి ప్రిపేరవుతున్నవాళ్లు, తమ పిల్లాణ్ణి ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలో తెలియని తల్లిదండ్రులు అడుగుతూ వచ్చినవన్నీ వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

సైకాలజీ చదివితే ఎదుటివాళ్ల మనసులో ఏముందో తెలిసిపోతుందా?

తెలియదు. పాతికేళ్లుగా ఇదే పాఠం చెబుతున్నా, మా ఇంట్లో ఎవరు ఎందుకు అలిగారో నాకు అడిగితే గానీ తెలియదు. ఒక పరిస్థితిలో ఎక్కువమంది ఎలా ప్రవర్తిస్తారో, ఎందుకలా చేస్తారో సైకాలజీ చెబుతుంది. పెళ్లిలో పక్కన కూర్చున్నాయన "నా మొహం చూసి చెప్పండి" అంటే చెప్పడానికి అందులో ఏమీ ఉండదు.

ఇది నిజంగా సైన్సేనా? అందరికీ తెలిసిన విషయాలకే పెద్ద పేర్లు పెడుతున్నారనిపిస్తుంది.

అందరికీ తెలిసిందే అయితే "నిదానమే ప్రధానం", "ఆలస్యం అమృతం విషం" అనే రెండు మాటలూ ఒకే ఇంట్లో ఎలా చెల్లుతున్నాయి? ఏం జరిగినా సరిపోయే సామెత ఒకటి మన దగ్గర ఉంటుంది. ఏది ఎప్పుడు నిజమో కొలిచి చూడటం సైకాలజీ పని. 1879లో జర్మనీలోని లైప్జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టినప్పటి నుంచి ఈ కొలత మొదలైందని లెక్క.

అయితే కొలిచినవన్నీ నిలబడలేదు. పత్రికల్లో అచ్చయిన 100 అధ్యయనాలను కొందరు పరిశోధకులు కలిసి మళ్లీ చేసి, ఫలితాలను 2015లో ప్రకటించారు. మొదటిసారి దాదాపు అన్నింట్లోనూ ఫలితం గట్టిగానే ఉంది. రెండోసారి అలా వచ్చింది 36 శాతంలోనే. సైకాలజీ పరువు పోయిందని చాలామంది అన్నారు. నాకు మాత్రం తన తప్పులు తానే బయటపెట్టుకున్న శాస్త్రం మీద నమ్మకం పెరిగింది.

మనస్తత్వ శాస్త్రం, మనోవిజ్ఞాన శాస్త్రం వేర్వేరా?

ఒకటే. ఒక్కో పుస్తకంలో ఒక్కో పేరు వాడారు. బయట మాత్రం అందరూ సైకాలజీ అనే అంటారు.

మన దేశంలో సైకాలజీ ఎప్పుడు మొదలైంది?

మనసు గురించిన ఆలోచన మనకు ఉపనిషత్తుల కాలం నుంచీ ఉంది. యూనివర్సిటీ సబ్జెక్టుగా చూస్తే మాత్రం 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో, హార్వర్డ్‌లో చదివొచ్చిన ఎన్.ఎన్. సేన్‌గుప్తాతో మొదలు. అదే కలకత్తాలో 1922లో గిరీంద్రశేఖర్ బోస్ మనోవిశ్లేషణ (ఫ్రాయిడ్ పద్ధతి) సంఘం పెట్టారు. 1924లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామి ఆధ్వర్యంలో ఇంకో విభాగం వచ్చింది. ఈ గోపాలస్వామి గారే 1935లో సొంత ఇంట్లో ఒక రేడియో కేంద్రం నడిపారు. దానికి "ఆకాశవాణి" అని పేరు. తర్వాత ఆ పేరు దేశమంతటి రేడియోకీ వచ్చింది. పొద్దున్నే వార్తలకు ముందు మనం విన్న ఆ మాట వెనక ఒక సైకాలజీ మాస్టారు ఉన్నారన్నమాట.

## వాదాలు, దృక్పథాలు చదివేటప్పుడు

టెట్ పుస్తకంలో "వాదాలు" అని, డిగ్రీ పుస్తకంలో "దృక్పథాలు" అని ఉంది. రెండూ ఒకటేనా?

దగ్గరివే గానీ ఒకటి కావు. సంరచనాత్మక వాదం, కార్యకరణ వాదం (ఈ రెండూ కింద వస్తాయి), గెస్టాల్ట్ వాదం (ముక్కలుగా కాక మొత్తంగా చూడాలనేది) లాంటివి చరిత్రలో ఒక్కో కాలంలో ఒక్కో గురువు చుట్టూ కట్టిన గుంపులు. "సైకాలజీ అంటే ఇదే, మీది కాదు" అని ఒకరితో ఒకరు గట్టిగా కొట్లాడుకున్నారు. ఆ కొట్లాటలు చల్లారాక మిగిలిన చూపులను దృక్పథాలంటున్నాం. ఈరోజు సాధారణంగా చెప్పేవి: జీవశాస్త్ర, ప్రవర్తనా, సంజ్ఞానాత్మక, మనోగతిక, మానవతా, సామాజిక సాంస్కృతిక దృక్పథాలు. పరిణామ దృక్పథాన్ని కొందరు విడిగా లెక్కపెడతారు, కొందరు జీవశాస్త్రంలో కలిపేస్తారు. అందుకే ఒక పుస్తకంలో ఆరు, ఇంకో దాంట్లో ఏడు కనిపిస్తాయి. అంకె గురించి టెన్షన్ పడకండి.

ఒకే ఉదాహరణతో అన్ని దృక్పథాలూ అర్థమయ్యేలా చెప్పండి సార్.

బల్లి అంటే భయపడే ఒకమ్మాయిని తీసుకుందాం. గోడ మీద బల్లి కనిపిస్తే ఆ గదిలోకి అడుగు పెట్టదు.

ప్రవర్తనావాది ముందుగా ఇది ఎక్కడ నేర్చుకుందని అడుగుతాడు. చిన్నప్పుడు బల్లి మీద పడి ఉండొచ్చు, లేదా అమ్మ కెవ్వున అరవడం చూసి ఉండొచ్చు. గదిలోంచి పారిపోయిన ప్రతిసారీ "హమ్మయ్య" అనిపిస్తుంది కదా, ఆ హమ్మయ్యే భయాన్ని పెంచి పోషిస్తోందంటాడు. మందు కూడా అక్కడే వెతుకుతాడు. ముందు బల్లి బొమ్మ, తర్వాత ఫోటో, తర్వాత దూరంగా గోడ మీద బల్లి, ఇలా మెల్లగా దగ్గరికి. 1924లోనే మేరీ కవర్ జోన్స్ కుందేలంటే భయపడే పీటర్ అనే పిల్లాడికి, ఇష్టమైన తిండి పెడుతూ కుందేలును కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చి భయం పోగొట్టింది.

సంజ్ఞానాత్మక దృక్పథం వాళ్లు బల్లిని చూడగానే ఆమె మనసులో ఏ వాక్యం నడుస్తుందో అడుగుతారు. "అది నా మీదకే దూకుతుంది" అనో, "దూకితే నేను తట్టుకోలేను" అనో ఉంటుంది. ఆ వాక్యాన్ని పరీక్షకు పెడతారు. ఇన్నేళ్లలో ఎన్ని బల్లుల్ని చూశావు, ఎన్ని దూకాయి?

జీవశాస్త్ర దృక్పథం మెదడులో భయంతో సంబంధమున్న అమిగ్డలా అనే భాగాన్ని, గుండె వేగాన్ని, ఆ ఇంట్లో ఇంకెవరికి ఆందోళన ఎక్కువో చూస్తుంది. పరిణామం వైపు నుంచి చూసేవాళ్లు కోతుల ప్రయోగం గుర్తు చేస్తారు. ల్యాబులో పెరిగి, పామును ఎన్నడూ చూడని కోతులు ఇంకో కోతి పాముకు భయపడే వీడియో చూసి వెంటనే భయం నేర్చుకున్నాయి. అదే పువ్వుకు భయపడుతున్నట్టు తయారుచేసిన వీడియో చూపిస్తే నేర్చుకోలేదు. కొన్ని భయాలకు మనలో ముందే చోటుందని దీని అర్థం. స్కూటర్ వల్ల ప్రమాదాలు ఎక్కువే అయినా బల్లిని చూసి వణికినట్టు స్కూటర్‌ను చూసి ఎవరూ వణకరు.

మనోగతిక దృక్పథం అసలు భయం బల్లి గురించేనా అని అనుమానిస్తుంది. 1909లో ఫ్రాయిడ్ రాసిన హాన్స్ అనే పిల్లాడి కథలో గుర్రం భయం వెనక తండ్రి అంటే ఉన్న భయం ఉందన్నాడు. నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. నాకైతే అంత నమ్మకం లేదు.

సామాజిక సాంస్కృతిక దృక్పథానికి ఇక్కడ పండగే. మన పంచాంగాల్లో బల్లిపాటు ఫలితాలు అచ్చవుతాయి, ఏ అవయవం మీద పడితే ఏం జరుగుతుందో వరసగా. కంచిలో బంగారు బల్లిని తాకి వచ్చినవాళ్లకు దోషం లేదంటారు. బల్లి మీద పడటం ఒక శకునమని ఊరంతా అనుకునే చోట ఆ భయానికి ఉండే బరువు వేరు. మానవతావాదానికి మాత్రం ఈ ఉదాహరణలో చెప్పేది తక్కువ. ఆ అమ్మాయిని వెక్కిరించకుండా పూర్తిగా వినమంటుంది, అంతే. అన్ని దృక్పథాలకూ ప్రతి ప్రశ్నలోనూ సమాన వాటా ఇవ్వక్కర్లేదు.

సంరచనాత్మక వాదం, కార్యకరణ వాదం ఎప్పుడూ తికమకపడతాను. గుర్తుపెట్టుకునే చిట్కా ఉందా?

ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకోండి. ఆ అనుభవంలో ఏమేం ఉన్నాయో విడదీసి, ఇంత కారం, ఇంత పులుపు, నాలుక చివర ఇంత మంట అని జాబితా రాస్తే అది సంరచనాత్మక వాదం. ఇలా తనలోకి తాను చూసుకుని చెప్పడమే అంతఃపరిశీలన పద్ధతి. అసలు రుచి తెలియడం, నోరూరడం మనిషికి ఎందుకు ఉపయోగపడతాయని అడిగితే కార్యకరణ వాదం. దీని వెనక డార్విన్ నీడ ఉంది, ముందు నిలబడ్డ మనిషి అమెరికాలో విలియం జేమ్స్.

సంరచనాత్మక వాదం అనే పేరు స్థిరపడింది వుంట్ శిష్యుడు టిచ్‌నర్ వల్ల. గురువు ఆలోచన అంతకంటే విశాలం. పరీక్షలో "పితామహుడు ఎవరు" అని అడిగి ఆప్షన్లలో వుంట్ ఒక్కడే ఉంటే మాత్రం వాదన పెట్టుకోకుండా వుంట్ అని పెట్టి వచ్చేయండి.

పావ్‌లోవ్, థార్న్‌డైక్, స్కిన్నర్, కోహ్లర్: ఎవరిది ఏ జంతువు, ఏ సిద్ధాంతం?

పావ్‌లోవ్‌ది కుక్క, శాస్త్రీయ నిబంధనం (తిండితో పాటు వచ్చే గుర్తుకే నోరూరడం నేర్చుకోవడం). థార్న్‌డైక్‌ది పజిల్ పెట్టెలో పిల్లి, యత్నదోష అభ్యసనం (తప్పులు చేస్తూ చేస్తూ నేర్చుకోవడం). స్కిన్నర్‌వి ఎలుక, పావురం, కార్యసాధక నిబంధనం (చేసిన పనికి వచ్చే ఫలితాన్ని బట్టి నేర్చుకోవడం). కోహ్లర్‌ది సుల్తాన్ అనే చింపాంజీ, అంతర్దృష్టి అభ్యసనం (ఒక్కసారిగా దారి తట్టడం). సుల్తాన్ కథ జరిగింది టెనెరిఫే ద్వీపంలో.

పావ్‌లోవ్ సైకాలజిస్టే కాదు. జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ అందుకున్న శరీరధర్మ శాస్త్రవేత్త. కుక్క నోట్లో లాలాజలం కొలుస్తుంటే, తిండి తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే అది ఊరిపోవడం ఆయన లెక్కలకు అడ్డొచ్చింది. ఆ అడ్డంకినే పట్టుకుని కూర్చున్నాడు.

రుణాత్మక పునర్బలనం అంటే శిక్షే కదా?

కాదు. ఎన్నిసార్లు చెప్పినా పరీక్షలో సగం మంది తప్పు చేసేది ఇక్కడే. పునర్బలనం ఏదైనా సరే ప్రవర్తనను పెంచుతుంది, శిక్ష తగ్గిస్తుంది. కారులో సీటు బెల్టు పెట్టుకునే దాకా కుయ్‌కుయ్‌మని మోగుతుంది. పెట్టుకోగానే ఆగిపోతుంది. చికాకు పోయింది కాబట్టి మర్నాడు బెల్టు పెట్టుకోవడం పెరుగుతుంది. అది రుణాత్మక పునర్బలనం. బెల్టు పెట్టుకోలేదని పోలీసు చలానా రాస్తే అది శిక్ష. "రుణాత్మక" అనేది ఇక్కడ చెడ్డ అని కాదు, లెక్కల్లో మైనస్ లాగా ఏదో ఒకటి తీసేయడం.

ఫ్రాయిడ్ చెప్పినవి తప్పని తేలాయంటున్నారు. మరి ఇంకా ఎందుకు చదవాలి?

చాలావరకు నిలబడలేదు, నిజమే. కలలకు ఆయన చెప్పిన అర్థాలు, పిల్లల వికాస దశలు పరీక్షకు నిలవవు. కొన్నింటినైతే పరీక్షించే దారే లేదు. కానీ మనం చేసే పనులకు కారణాలన్నీ మనకు తెలియవనే మాట నిలిచింది. మాట్లాడించి, ఓపిగ్గా వింటే మనిషికి తేలికవుతుందన్న పద్ధతి నిలిచింది. అచిత్తు (కోరికలు), అహం (వాస్తవం చూసుకునేది), అధ్యహం (తప్పొప్పులు చెప్పేది) అనే మూడు ముక్కలకు మెదడులో గదులున్నాయనుకోకుండా, లోపల జరిగే లాగుడు పీకుడుకు పెట్టిన పేర్లనుకుంటే చాలు.

ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లో వాదించిన భారతీయుడు ఒకరున్నారు. కలకత్తా డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్. వియన్నా రోగుల్లో ఫ్రాయిడ్ చూసినవి కొన్ని తన భారతీయ రోగుల్లో అంతగా కనిపించడం లేదని చెప్పారు. ఒక ఊరి మనసును అన్ని ఊళ్లకూ కొలబద్ద చేయకూడదన్న మాట అంత ముందే మన దగ్గర నుంచి వెళ్లింది.

కాగ్నిటివ్ విప్లవం అంటే ఏం జరిగింది?

అమెరికాలో చాలా ఏళ్లు ప్రవర్తనావాదులదే రాజ్యం. కంటికి కనిపించే ప్రవర్తనే చూడాలి, మనసు లోపలి సంగతులు మనకొద్దు అనేవారు. 1950ల్లో కంప్యూటర్లు వచ్చాయి. యంత్రం లోపల సమాచారం ఎలా నడుస్తుందో మాట్లాడగలిగినప్పుడు మనిషి గురించి ఎందుకు మాట్లాడకూడదన్న ప్రశ్న వచ్చింది. 1956లో జార్జ్ మిల్లర్, మనం ఒకేసారి గుర్తుంచుకోగలిగేవి ఏడుకు రెండు అటూ ఇటూ అన్నాడు. తర్వాతి పరిశోధకులు దాన్ని నాలుగు దగ్గరికి దించారు. 1959లో భాషా శాస్త్రవేత్త చోమ్‌స్కీ, పిల్లలు భాషను కేవలం బహుమతి, శిక్షలతో నేర్చుకోలేరంటూ స్కిన్నర్‌ను ఉతికి ఆరేశాడు.

మిల్లర్ మాట మీ జేబులోనే ఉంది. పదంకెల ఫోన్ నంబరును ఒక్కో అంకెగా ఎవరూ చెప్పరు. "తొంభై ఎనిమిది, నలభై తొమ్మిది..." అని జంటలుగా చెబుతాం. పది ముక్కలు అయిదవుతాయి.

మాస్లో పిరమిడ్‌లో కింది మెట్టు నిండితేనే పై మెట్టుకు వెళ్తామా?

అంత గట్టి నియమం కాదు. 1943లో మాస్లో అవసరాల క్రమం (కింద ఆకలి లాంటి శరీర అవసరాలు, తర్వాత భద్రత, ప్రేమ, గౌరవం, పైన తన శక్తినంతా సార్థకం చేసుకోవడం) రాశాడు గానీ ఆ త్రిభుజం బొమ్మ ఆయన గీసింది కాదు, తర్వాత వచ్చింది. పొట్టి శ్రీరాములు 1952లో 58 రోజులు నిరాహార దీక్ష చేసి ప్రాణాలు వదిలారు. కింది మెట్టు ఖాళీగా ఉంచుకునే పై మెట్టు మీద నిలబడ్డ మనిషి. ఆ బొమ్మ పాఠం మొదలుపెట్టడానికి బాగుంటుంది.

## శాఖల దగ్గరికి వచ్చాక

దృక్పథానికీ శాఖకూ తేడా ఒక్క ముక్కలో చెప్పండి.

ఎలా చూస్తావన్నది దృక్పథం, ఎక్కడ ఏ పని చేస్తావన్నది శాఖ. ఒకే ఆసుపత్రిలో ఇద్దరు క్లినికల్ సైకాలజిస్టులు ఉండొచ్చు. ఒకరు ప్రవర్తనా పద్ధతిలో, ఇంకొకరు మనోగతిక పద్ధతిలో పనిచేయొచ్చు. శాఖ ఒకటే, చూపు వేరు.

ఏ శాఖలో ఏం చేస్తారు?

మానసిక సమస్యల్ని పరీక్షలతో గుర్తించి, చికిత్స చేసేది క్లినికల్. పెళ్లి, చదువు, ఉద్యోగం లాంటి రోజువారీ చిక్కుల్లో సాయం చేసేది కౌన్సెలింగ్. ఈ రెంటి మధ్య గీత అంత స్పష్టంగా ఉండదు. వికాస సైకాలజీ పుట్టుక నుంచి ముసలితనం దాకా వచ్చే మార్పులు చూస్తుంది. విద్యా సైకాలజీ మన రాష్ట్రాల్లో టెట్, డీఎస్సీ పుణ్యమా అని లక్షల మంది చదివేది. సామాజిక సైకాలజీ గుంపులో మనిషి ఎలా మారతాడో చూస్తుంది. పెద్దాయన ఆజ్ఞాపిస్తే పక్క గదిలోని మనిషికి కరెంటు షాక్ ఇస్తామా అని అడిగిన మిల్‌గ్రామ్ ప్రయోగం దీనిదే. మొదటి ప్రయోగంలో 40 మందిలో 26 మంది చివరి స్విచ్ దాకా వెళ్లారు. అసలు షాక్ ఎవరికీ తగల్లేదు, అదంతా నాటకం, కానీ స్విచ్ నొక్కినవాళ్లకు ఆ సంగతి తెలియదు.

కంపెనీల్లో ఉద్యోగుల ఎంపిక, శిక్షణ, పని తీరు చూసేది పారిశ్రామిక, సంస్థాగత సైకాలజీ. సైన్యంలో అధికారులను ఎంపిక చేసే ఎస్ఎస్‌బీలో బొమ్మ చూసి కథ రాయించేది, మాట చూపించి తట్టింది రాయమనేది కూడా సైకాలజిస్టులే. షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లు మందులు ఎందుకు మానేస్తారో చూసేది ఆరోగ్య సైకాలజీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో దీనికి ప్రత్యేక కేంద్రమే ఉంది. పక్షవాతం, తలకు దెబ్బ తర్వాత జ్ఞాపకం, మాట ఎంత దెబ్బతిన్నాయో కొలిచేది న్యూరోసైకాలజీ.

ఫోరెన్సిక్ సైకాలజీ వెబ్ సిరీస్‌ల్లో చూపించినట్టే ఉంటుందా?

ఉండదు. నేరం జరిగిన చోట నిలబడి "హంతకుడికి ముప్పై ఏళ్లు, ఎడమచేతి వాటం" అని చెప్పేవాళ్లు తెర మీదే ఎక్కువ. అసలు పని నిందితుడి మానసిక స్థితి అంచనా, సాక్షుల జ్ఞాపకం ఎంత నమ్మదగింది, జైల్లో ఖైదీలతో పని, ఇలాంటివి. నార్కో పరీక్ష, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్‌లను మనిషి ఒప్పుకోకుండా బలవంతంగా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పేపర్లో "నార్కోలో నిజం కక్కాడు" అని చదివినప్పుడు అది గుర్తు పెట్టుకోండి.

ఆంధ్రా యూనివర్సిటీలో పారాసైకాలజీ ఉండేదట కదా. దయ్యాల గురించా?

దయ్యాలు కాదు. ఎదుటివాళ్ల ఆలోచన ఇంద్రియాల సాయం లేకుండా తెలుస్తుందా, కనపడని కార్డును సరిగ్గా చెప్పగలరా లాంటి ప్రశ్నలు. అమెరికాలో ఇలాంటి ప్రయోగాలు చేసిన జె.బి. రైన్‌తో పనిచేసి వచ్చిన కోనేరు రామకృష్ణారావు గారు 1967లో విశాఖలో సైకాలజీ, పారాసైకాలజీ విభాగం పెట్టారు. తర్వాత అదే యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. ఎక్కువమంది సైకాలజిస్టులు పారాసైకాలజీ ఫలితాలను ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. కానీ యోగా, ధ్యానం, భారతీయ ఆలోచనల్లో మనసు మీద ఆయన చేసిన పని వేరే లెక్క. అది చదవదగింది.

## చదువు, ఉద్యోగం

ఇంటర్‌లో బైపీసీ లేకపోతే సైకాలజీ చదవలేనా?

చదవొచ్చు. చాలా యూనివర్సిటీల్లో డిగ్రీ సైకాలజీకి ఆర్ట్స్, కామర్స్ వాళ్లనూ తీసుకుంటారు. బైపీసీ, నీట్, ఎంబీబీఎస్ కావాల్సింది సైకియాట్రిస్ట్ అవ్వాలంటేనే.

నాకు లెక్కలు రావు, పర్వాలేదా?

స్టాటిస్టిక్స్ తప్పదు. పదో తరగతి లెక్కల స్థాయి భయం పోగొట్టుకుంటే చాలు. "లెక్కలు తప్పించుకోవచ్చని సైకాలజీ తీసుకున్నాను" అని చెప్పే పిల్లలు ఏటా నలుగురైదుగురు ఉంటారు. మొదటి సెమిస్టరులోనే వాళ్ల మొహాలు చూడాలి.

ఎంఏ సైకాలజీ అయ్యాక సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చా?

క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టడానికి ఎంఏ ఒక్కటే సరిపోదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న వృత్తి కోర్సు చేసి, అక్కడ రిజిస్టర్ అవ్వాలి. చాలా ఏళ్లుగా ఆ దారి ఆసుపత్రిలో శిక్షణతో కూడిన రెండేళ్ల ఎం.ఫిల్. బెంగళూరు నిమ్హాన్స్, రాంచీ సీఐపీ లాంటివి పేరున్న చోట్లు. కొత్త విద్యా విధానం వచ్చాక కోర్సుల పేర్లు, అర్హతలు మారుతున్నాయి. ఫీజు కట్టే ముందు ఆ కాలేజీ, ఆ కోర్సు కౌన్సిల్ జాబితాలో ఉన్నాయో లేదో వెబ్‌సైట్లో మీరే చూసుకోండి, కాలేజీ వాళ్ల నోటి మాట మీద వెళ్లకండి. రెండు వారాంతాల సర్టిఫికెట్‌తో "థెరపిస్ట్" అయిపోవచ్చని వచ్చే ప్రకటనలకు డబ్బులు పోసినవాళ్లను చాలామందిని చూశాను.

## సాయం కోసం వెళ్లేటప్పుడు

సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, కౌన్సెలర్: ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టర్, మందులు రాస్తారు. సైకాలజిస్ట్ మందులు రాయరు, పరీక్షలు, థెరపీ చేస్తారు. నిద్ర బొత్తిగా పోవడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడం, తిండి మానేయడం, చచ్చిపోవాలనిపించడం ఉంటే ముందు సైకియాట్రిస్ట్. కొన్నిసార్లు థైరాయిడ్ లాంటి శరీర సమస్య కూడా దిగులులా కనిపిస్తుంది, డాక్టరైతే ఆ రక్తపరీక్ష రాస్తారు. పరీక్షల భయం, ఇంట్లో గొడవలు, ఉద్యోగం మారాలా వద్దా లాంటి వాటికి మంచి కౌన్సెలర్ చాలు. అవసరమైతే వాళ్లే పైకి పంపుతారు.

ప్రభుత్వ ఆసుపత్రి కావాలంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ఉన్నాయి. ఈ పేర్లు వినగానే నవ్వే అలవాటు మన సినిమాలు నేర్పింది. అక్కడ ఓపీ చీటీ రాయించుకునేవాళ్లలో ఎక్కువమంది మీలాంటి, నాలాంటి వాళ్లే.

థెరపిస్టును "మీది ఏ దృక్పథం" అని అడగొచ్చా?

తప్పకుండా అడగండి. ఏ పద్ధతి, సుమారుగా ఎన్నిసార్లు రావాలి, ఫలితం ఎలా తెలుస్తుంది, అని అడిగితే మంచివాళ్లు విసుక్కోరు. కొందరు సీబీటీ అంటారు, అంటే ఆలోచనను, ప్రవర్తనను రెంటినీ పట్టుకుని మార్చే పద్ధతి. 1960ల్లో ఆరన్ బెక్ దిగులుతో ఉన్నవాళ్ల కోసం మొదలుపెట్టాడు. భయాలు, ఆందోళన, ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, చేసిందే చేయడం)ల్లో ఈ తరహా పద్ధతులకు ఆధారాలు గట్టిగా ఉన్నాయి. ఇంటి పని కూడా ఇస్తారు, చేయకపోతే డబ్బు దండగ.

రాత్రి పూట ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే?

14416. టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.